మార్జిన్‌లో మూడు అక్షరాలు

చినగంజాం దగ్గర సముద్రం ఒడ్డున మోటుపల్లి అని ఒక ఊరు. అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక రాతిస్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. దాన్ని అభయశాసనం అంటారు. ఓడల మీద సరుకు తెచ్చే వర్తకులకు రాజు ఇచ్చిన మాట అది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం నియమించిన సుంకం తప్ప మరేదీ ముట్టుకోననీ అందులో చెప్పాడు. సుంకం ముప్పయ్యో వంతు. ఆ కింద గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, ఏనుగుదంతం, రాగి, మిరియాలు, పోకలు అంటూ సరుకుల పట్టీ ఉంటుంది.

ఆ పట్టీలో మిరియాలున్నాయి, మిరప లేదు. ఈ రోజు గుంటూరు పేరు చెబితే లోకానికి గుర్తొచ్చే పంట అప్పటికి మన దేశానికే రాలేదు. రాజు ఆ సంగతి చెప్పాలనుకోలేదు. ఉన్న సరుకులు ఉన్నట్టు చెక్కించాడు కాబట్టి, ఆయన చెప్పదలుచుకోని విషయం కూడా ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాత మనకు తెలుస్తోంది.

ఆ శాసనానికి సుమారు యాభై ఏళ్ల తర్వాత వెనిస్ వర్తకుడు మార్కోపోలో ఇదే రేవు గురించి చెప్పాడు. 1298లో జెనోవా చెరలో ఉన్నప్పుడు రుస్తిచెల్లో అనే తోటి ఖైదీ చేత రాయించిన పుస్తకంలో మోటుపల్లి ముత్ఫిలి అయింది. ఇక్కడి సన్న నూలుబట్టలను ఆయన ఎంతో మెచ్చుకున్నాడు. వానలు పడ్డాక వాగుల వెంట వజ్రాలు ఏరుకుంటారని చెప్పాడు. అది నమ్మదగిన మాటే. ఇప్పటికీ తొలకరి పడగానే కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతుంటారు. దాని వెంటనే ఇంకో సంగతి చెప్పాడు: పాములు నిండిన లోయల్లోకి మాంసం ముక్కలు విసురుతారట, వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయట. అది దేశదేశాలు తిరిగిన కట్టుకథ, సింద్‌బాద్ కథల్లోనూ ఉంది. ఇక్కడ ఏలిన రాణిని చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. నిజానికి ఆ రాణి రుద్రమదేవి, గణపతిదేవుడి కూతురు.

మార్కోపోలో అబద్ధాలకోరు అనడం నా ఉద్దేశం కాదు. చూసిన బట్టనూ, విన్న గద్దనూ ఒకే గొంతుతో చెప్పాడు. పాఠకుడికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఈ అధ్యాయంలో నేను చెప్పాలనుకున్నదంతా ఆ తేడా గురించే.

జరిగింది జరిగినట్టు రాసే రచనలన్నిటికీ కలిపి మనవాళ్లు ‘కాల్పనికేతర సాహిత్యం’ అని పేరు పెట్టారు. పత్తిని ఆహారేతర పంట అన్నట్టుంది ఈ పేరు. తినేది కాదని చెప్పింది గానీ, అది నల్లరేగట్లో ఎలా మొలుస్తుందో, కాయ ఎప్పుడు పగులుతుందో చెప్పలేదు. గద్యమైతే నిజం, పద్యమైతే కల్పన అని కొందరు అనుకుంటారు, అదీ సరికాదు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా తన జీవితాన్ని ‘నా కథ’గా పద్యాల్లో చెప్పుకున్నాడు, అది స్వీయచరిత్ర. గుంటూరు ప్రాంతపువాడే అయిన ఉన్నవ లక్ష్మీనారాయణ చెరసాలలో ఉండి రాసిన ‘మాలపల్లి’ వచనం, అది నవల. ఉన్నవ తన కళ్లతో చూసిన అన్యాయాలే అందులో ఉన్నా, రామదాసు, సంగదాసు ఆయన కల్పించిన మనుషులు. వాళ్ల నోట ఏ మాట పలికించాలన్నది ఆయన ఇష్టం. జాషువాకు ఆ స్వేచ్ఛ లేదు. తేడా ఛందస్సులో లేదు, పాఠకుడితో చేసుకున్న ఒప్పందంలో ఉంది. “ఇది జరిగింది, నమ్మి చదువు” అని ఒకసారి అన్నాక, కథ బాగుంటుందని ఒక్క వాన కూడా మనం కురిపించకూడదు.

ఆ ఒప్పందాన్ని నిలబెట్టుకోవడానికి నేను వాడే పద్ధతి చాలా చిన్నది. రాసే నోటుబుక్కులో ఎడమవైపు మార్జిన్ వదులుతాను. ప్రతి సంగతి పక్కన ఒక అక్షరం వేస్తాను. నేను చూసిందయితే ‘చూ’. ఒకరు చెప్పగా విన్నదయితే ‘వి’, దాని పక్కన చెప్పినవారి పేరు, తేదీ. కాగితం మీదో రాతి మీదో ఉన్నదయితే ‘రా’, దాని పక్కన అది ఎక్కడుందో. ఏ అక్షరమూ పడని వాక్యాలు కొన్ని మిగులుతాయి. అవి నేను అనుకున్నవి. ఒక వారం ఇలా చేసి చూడండి. మీకు తెలుసు అనుకున్న వాటిలో ఎన్ని కేవలం అనుకున్నవో బయటపడతాయి. నాకు మొదటిసారి చాలా బాధ కలిగింది, ఎందుకంటే మా ఇంటి గురించి రాసిన పేజీలోనే సగానికి ఏ అక్షరమూ పడలేదు.

ఈ అక్షరాలే మీరు ఏ ప్రక్రియలో రాయాలో కూడా చెబుతాయి. చాలామంది ముందు ప్రక్రియను ఎంచుకుని, తర్వాత దానికి సరుకు వెతుక్కుంటారు. మీ దగ్గర ఉన్న సరుకును ముందు చూసుకోండి.

పేజీ నిండా ‘చూ’ ఉండి, చూసింది మీ బతుకే అయితే అది స్వీయచరిత్ర. ఈ గుంటూరు, ప్రకాశం జిల్లాల నేల మీద దానికి మంచి ఉదాహరణ టంగుటూరి ప్రకాశం ‘నా జీవిత యాత్ర’. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టి, తండ్రి పోయాక ఒంగోల్లో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపితే పెరిగి, బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి. పదవుల జాబితా రాసినా పుస్తకం నిండేది. ఆయన ఒంగోలు వీధుల్లో తన అల్లరిని, నాటకాల పిచ్చిని, చేయి పట్టుకుని రాజమండ్రి తీసుకువెళ్లిన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడిని చెప్పాడు. చదివేవాడు ఆ మనిషిని నమ్మేది ఆ పేజీల వల్లనే. ఇంకో విశేషం, ఆ పుస్తకం నాలుగో భాగం ప్రకాశం రాసింది కాదు. చివరి రోజుల కథను తెన్నేటి విశ్వనాథం రాశాడు. అంటే ఒకే పుస్తకంలో మూడు భాగాలు స్వీయచరిత్ర, నాలుగోది జీవితచరిత్ర. మూడో భాగం చివరి పేజీలు, నాలుగో భాగం తొలి పేజీలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. ‘నేను’ పోయి ‘ఆయన’ వచ్చేసరికి ఏమేమి మారాయో గమనించండి. ఈ రెండు ప్రక్రియల తేడా నేర్పడానికి అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

స్వీయచరిత్ర రాయబోయేవారికి ఒక మాట. వంశవృక్షంతో మొదలుపెట్టకండి. మీకు బాగా గుర్తున్న ఒక్క రోజుతో మొదలుపెట్టండి. గుర్తుకు తేదీ దొరకకపోతే ఊరందరికీ తెలిసిన తేదీలకు కట్టండి. నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేసింది 1970 ఫిబ్రవరి 2న, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. “సాగర్ నీళ్లు వచ్చిన మూడో ఏడు మా అక్క పెళ్లి” అని మీ అమ్మ చెప్పిందంటే మీకు సంవత్సరం దొరికినట్టే.

జీవితచరిత్ర గురించి ఎక్కువ చెప్పను. అందులో ‘చూ’ తక్కువ. ‘వి’, ‘రా’ ఎక్కువ. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టాక కొమర్రాజు లక్ష్మణరావు బృందం మొదట వెలువరించిన పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తెలుగువాడికి లోకజ్ఞానం వచనంలో అందించాలనుకున్నవాళ్లు ఒక మనిషి జీవితంతో మొదలుపెట్టారు. మీరు మీ తాతగారి గురించి రాసినా అదే పని. ఆయనను పొగిడేవారిని ఇద్దరిని కలిస్తే, ఆయనతో గట్టు తగాదా పడ్డ ఇంటివారిని ఒకరినైనా కలవండి.

ప్రయాణం రాసేవారికి ఏనుగుల వీరాస్వామిని మించిన గురువు లేడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి, తిరుగుప్రయాణంలో కోస్తా దారిన దిగి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. ఏ మజిలీలో నీళ్లు మంచివో, ఎక్కడ ఏ వస్తువు దొరుకుతుందో, దారి ఎలా ఉందో అన్నీ రాసుకున్నాడు. ఆయన పోయాక, 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయింది. ఆయన ఇల్లు చేరిన మరుసటి సంవత్సరం నందన నామ సంవత్సరం. ఆ ఏడు మొదలైన కరువులో గుంటూరు సీమ ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కరువుకు ముందు ఈ కోస్తా ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే, కరువు వస్తుందని ఊహించని ఒక బాటసారి రాసుకున్న మామూలు సంగతులు ఇప్పుడు మనకు ఎంతో సాయం. మామూలు సంగతులని కొట్టేయకండి. ఈ రోజు మీ ఊరి నుంచి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, ఎంత బాడుగ అయిందో, దారిలో ఎన్ని గంటలు ఆగారో రాసి పెట్టండి.

ఇక క్షేత్రవార్త. పత్రికల్లో రిపోర్టు అంటాం. ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే ఈ నేల గురించి ఎక్కువ రాసిందీ, ఎక్కువ తొందరపడి రాసిందీ ఇందులోనే. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు అదే పనిగా కొట్టడం దోమ పెరగడానికి ఒక ముఖ్య కారణమని తర్వాత శాస్త్రవేత్తలు చెప్పారు. మందు శత్రు పురుగుతో పాటు మిత్ర పురుగునూ చంపింది, దోమ మిగిలింది. అప్పుల్లో మునిగిన పత్తి రైతులు ప్రకాశం జిల్లాలో ప్రాణాలు తీసుకున్నారు. రైతు ఆత్మహత్య అన్న మాట పత్రికల్లో నిత్యం కనపడే మాట కావడానికి పదేళ్ల ముందు సంగతి ఇది.

అలాంటి ఒక ఇంటికి మీరు వెళ్లారనుకోండి. “అప్పుల బాధ తాళలేక” అని రాస్తే వాక్యం పూర్తవుతుంది, ఏమీ తెలియదు. ఎన్ని ఎకరాలు? సొంతమా, కౌలా? కౌలు ముందే కట్టాడా, పంట వచ్చాక కడతానన్నాడా? అప్పు బ్యాంకుదా, మందుల కొట్టుదా, నూటికి ఎంత వడ్డీది? ఎన్నిసార్లు పిచికారీ చేశాడు, ఏ మందు కొట్టమని ఎవరు చెప్పారు? ఎన్ని క్వింటాళ్లు వచ్చింది, ఏ ధరకు పోయింది? వీటిలో ప్రతిదానికీ ఒక అక్షరం కావాలి. కౌలు చాలాసార్లు కాగితం మీద ఉండదు, కాబట్టి అది ‘వి’, ఇద్దరిని అడగాలి. పొలం విస్తీర్ణం అడంగల్‌లో ఉంటుంది, అది ‘రా’. గోడ కింద మిగిలిపోయిన మందు డబ్బా ‘చూ’. ఇంట్లో ఆడవాళ్లను తప్పకుండా అడగండి. పత్తి తీతకు ఎంతమంది వచ్చారో, కూలి ఎంత ఇచ్చారో, ఏ నగ ఎప్పుడు తాకట్టుకు వెళ్లిందో వాళ్లకే తెలుస్తుంది. అడిగేముందు మీరెవరో, ఎందుకు రాస్తున్నారో చెప్పండి. పేరు వద్దంటే తీసేయండి. ఎదుటి మనిషి దుఃఖం మీ రచనకు ముడిసరుకు అనుకునే రోజు వస్తే ఆ పని మానేయడం మంచిది.

అదే పత్తి గురించి ఇంకొకరు వ్యాసం రాయవచ్చు. రిపోర్టరు ఆగినచోట వ్యాసకర్త మొదలవుతాడు. ఒక పంట దెబ్బతిన్నా మళ్లీ అదే పంట ఎందుకు వేస్తాం అన్న ప్రశ్న పట్టుకుని, తన ఆలోచన ఎటు పోతే అటు పాఠకుణ్ణి నడిపిస్తాడు. మార్జిన్‌లో ఏ అక్షరమూ పడని వాక్యాలకు, అంటే అనుకున్నవాటికి, ఇక్కడే చోటు. అయితే అనుకుంటున్నానని ఒప్పుకోవాలి. తెనాలిలో 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు కథకుడిగానే ఎక్కువమందికి తెలుసు గానీ, సినిమా, సైన్సు, చరిత్ర, సంస్కృతి మీద ఆయన రాసిన వ్యాసాలు సంపుటాలకు సంపుటాలు. మాట్లాడుతున్నంత తేలిగ్గా ఉంటాయి, ఒక్కో అడుగూ కారణం మీద పడుతుంది. వ్యాసం నేర్చుకోవాలనుకునేవారు రోజుకొకటి చదవాలి.

నేను అన్నిటికంటే పైన పెట్టే రచన ఒకటుంది, దానికి సాహిత్య చరిత్రల్లో చోటు తక్కువ. పని నేర్పే రచన. 1969లో మొదలైన ‘అన్నదాత’ వ్యవసాయ మాసపత్రికను మా వైపు ఇళ్లలో భద్రంగా దాచుకునేవారు. ఇలాంటి రచనకు ‘చూ’ కూడా చాలదు, ‘చే’ కావాలి. మీరు చేసి ఉండాలి. 2021-22లో నల్ల తామరపురుగు మిర్చి పూతను పీల్చేసినప్పుడు రైతుల ఫోన్లకు వచ్చిన సలహాల్లో “తగిన మోతాదులో పిచికారీ చేయండి” వంటివి చాలా ఉన్నాయి. తగినది ఎంతో తెలియకే కదా అడిగింది! ఏ మందు, లీటరు నీటికి ఎంత, ఉదయమా సాయంత్రమా, మళ్లీ ఎన్ని రోజులకు, అసలు ఏ లక్షణం కనిపిస్తే కొట్టాలి, ఏది కనిపిస్తే కొట్టకూడదు: ఇవి లేని పేజీ రైతు డబ్బు పోగొడుతుంది. అందుకే ఈ ప్రక్రియలో తప్పుకు శిక్ష పాఠకుడు అనుభవిస్తాడు.

చేతికి తెలిసినదాన్ని అక్షరాల్లో పెట్టడం కష్టం. కల్లంలో కాయ ఎండిందో లేదో మా పెద్దవాళ్లు మీటరు పెట్టి చూడలేదు. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపేవారు, గింజ గలగలమనాలి. ఆ చప్పుడు రాయండి. పండుమిరప పచ్చడి రాసేటప్పుడు అమ్మమ్మ “గుప్పెడు ఉప్పు” అంటే అలాగే రాసి ఊరుకోకండి. ఆమె గుప్పెట్లో ఉప్పును తక్కెడలో పోయించి చూడండి. మీరు రాసింది ఆ పని ఎప్పుడూ చేయని ఒకరికి ఇచ్చి, మాట సాయం చేయకుండా పక్కన నిలబడండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ వాక్యం తప్పు.

ఊరి చరిత్ర రాయాలన్న కోరిక ఈ మధ్య చాలామందిలో చూస్తున్నాను, సంతోషం. మీకు ముందే దారి వేసినవాళ్లున్నారు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ వారితో పనిచేసినవారూ ఊరూరూ సేకరించిన కైఫీయతుల్లో గుంటూరు సీమ గ్రామాలెన్నో ఉన్నాయి. కరణాల దస్త్రాలైన దండకవిలెలు చూసి, పెద్దలను అడిగి రాసినవి. గుడి ఎవరు కట్టించారో, చెరువు ఎవరు తవ్వించారో, మాన్యం ఎవరికి ఉందో ఉంటుంది. దేవుడు కలలో కనపడి చెప్పిన స్థలపురాణమూ ఉంటుంది. పురాణాన్ని తీసేయకండి, అది కూడా ఊరి సొత్తే. దాని పక్కన ‘వి’ వేయండి, మాన్యం పక్కన ‘రా’ వేయండి, రెండిటినీ కలిపి ఒకే వాక్యంలో పెట్టకండి. పాత పత్రికలు కావాలంటే వేటపాలెం వెళ్లండి. 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఇంకా తలుపులు తెరిచే ఉంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి రామనగరంలో పాకలు వేసుకున్న రోజుల పత్రికలను ఆ పొరుగూళ్లోనే కూర్చుని చదవడం వేరే అనుభవం. ప్రభుత్వ కాగితాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. అర్జీ ఒక పేజీ.

పుస్తకం అవుతుందా, ఎవరు అచ్చు వేస్తారు అన్న ప్రశ్నలకు ఇంకో అధ్యాయంలో వద్దాం. ముందు నోటుబుక్కు కొనండి. మార్జిన్ గీయండి. వచ్చే ఆదివారం మీ ఊళ్లో అందరికంటే పెద్దవారి దగ్గరకు వెళ్లి, సాగర్ నీళ్లు రాకముందు మీ పొలంలో ఏం పండేదో, పత్తి తీతకు కూలి డబ్బు ఇచ్చేవారో గింజలు కొలిచేవారో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, పక్కన ‘వి’ అనీ, వారి పేరూ, తేదీ వేయండి. ఆ నీళ్లు రాకముందు ఇక్కడ సొంతంగా సేద్యం చేసినవారిలో ఎనభై ఏళ్ల లోపువారు ఇప్పుడు దాదాపు లేరు.